నెయ్యి పూస కట్టడం మన చేతిలో పనే

వెన్న కాచడం మీద మనం చూపే శ్రద్ధలో నాలుగో వంతు కూడా కాచిన నెయ్యిని చల్లార్చడం మీద చూపం. మంట ఎంత ఉండాలి, నురుగు ఎప్పుడు తగ్గుతుంది, కరివేపాకు వేయాలా మునగాకు వేయాలా, ఏ వాసన రాగానే దించాలి అన్నవి ప్రతి ఇంట్లోనూ తెలుసు. వడకట్టి జాడీలో పోశాక మాత్రం ఇక మన పని అయిపోయిందనుకుంటాం. ఒకరు అలమరలో పెడతారు, ఒకరు వేడి తగ్గీ తగ్గకముందే ఫ్రిజ్‌లోకి తోసేస్తారు. ఒకసారి నెయ్యి చక్కగా పూస కడుతుంది. ఇంకోసారి పూసన్నదే లేకుండా నున్నగా గడ్డకట్టేస్తుంది. అదే పాలు, అదే గిన్నె, కాచింది కూడా అదే మనిషి. అయినా తేడా వస్తే పాల మీదికో, చేతివాటం మీదికో నెట్టేసి ఊరుకుంటాం.

అలా ఊరుకోనక్కర్లేదు. నెయ్యి కమ్మదనం పొయ్యి మీద తేలుతుంది. పూస మాత్రం చల్లారే గంటల్లో తేలుతుంది. ఆ గంటలను ఎలా నడిపించాలో తెలిస్తే పెద్ద పూస కావాలంటే పెద్ద పూస, వెన్నలా నున్నగా కావాలంటే నున్నగా, మీకు కావలసినట్టు నెయ్యిని పేరబెట్టుకోవచ్చు. ఇంటి వాడకానికి కాచుకునేవారికీ, నాలుగు సీసాలు కాచి అమ్ముకునేవారికీ ఇది పనికొచ్చే విద్య.

జాడీలో అసలేం జరుగుతుంది

నెయ్యిలో 99 శాతానికి పైగా ఉండేది పాల కొవ్వే. ఆ కొవ్వు ఒకే పదార్థం కాదు, ఎన్నో రకాల కొవ్వు అణువుల కలగలుపు. వాటిలో కొన్ని ఫ్రిజ్‌లో పెట్టినా ద్రవంగానే ఉంటాయి. కొన్ని మన ఎండాకాలపు వేడిలోనూ గట్టిగానే ఉంటాయి. అందుకే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టినట్టుగా నెయ్యి ఒకే ఒక్క వేడి దగ్గర గడ్డకట్టదు. సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంతా కరిగి ఉంటుంది. అక్కడి నుంచి వేడి దిగేకొద్దీ అణువులు వంతులవారీగా గట్టిపడుతూ వస్తాయి.

20 డిగ్రీల గదిలో పేరుకున్న నెయ్యిని చూస్తే అంతా గట్టిపడిందనే అనుకుంటాం. నిజానికి అందులో గట్టి స్ఫటికం సుమారు ఐదో వంతే. మిగతాదంతా ద్రవమే! ఆ కాస్త స్ఫటికమే ఒకదానికొకటి అతుక్కుని, తేనెతుట్టెలో గదుల్లా అల్లుకుని, ద్రవాన్ని తన సందుల్లో పట్టి ఉంచుతుంది. ఇలా సన్నని ఘన అల్లికలో ద్రవం చిక్కుకుని ఉండే పదార్థాన్ని శాస్త్రవేత్తలు జెల్ అంటారు. చిక్కుకున్నది నీరు కాక సేంద్రియ ద్రవమైతే ఆర్గానోజెల్ అనీ, అందులోనూ నూనె అయితే ఓలియోజెల్ అనీ పేరు.

సున్నుండలు చేసేవారికి ఈ సంగతి చేతికి తెలుసు. మినప్పిండిలో గోరువెచ్చని నెయ్యి పోసి ఉండ కట్టినప్పుడు మెత్తగా ఉంటుంది. కాసేపటికి బిగుస్తుంది. ఆ బిగువు పిండిది కాదు, లోపల మళ్లీ అల్లుకున్న నేతి స్ఫటికాలది. మే నెల మధ్యాహ్నం అవే ఉండలు వదులైపోయి చేతికి నెయ్యి అంటడానికి కారణం కూడా ఆ అల్లిక కరిగి తెగిపోవడమే.

పుట్టుక వేరు, పెరుగుదల వేరు

స్ఫటికం తయారవడంలో రెండు పనులు ఉన్నాయి. మొదటిది పుట్టుక. ద్రవంలో తిరుగుతున్న అణువులు కొన్ని వరుసగా సర్దుకుని ఒక చిన్న బీజంగా నిలబడాలి. రెండోది పెరుగుదల. చుట్టూ ఉన్న అణువులు వచ్చి ఆ బీజానికి పొరలు పొరలుగా అతుక్కోవాలి.

ఈ రెండింటినీ నడిపేది వేడే. కరిగే వేడికి కాస్త దిగువన బీజాలు అరుదుగా పుడతాయి. పుట్టిన కొన్నీ తీరిగ్గా పెరుగుతాయి. వేడి ఒక్కసారిగా బాగా పడిపోతే లెక్కలేనన్ని బీజాలు ఒకేసారి పుట్టేస్తాయి. గట్టిపడగలిగే కొవ్వు జాడీలో ఉన్నది కొద్దే కదా. దాన్ని కొన్ని బీజాలు పంచుకుంటే ఒక్కొక్కటీ పెద్ద పూస అవుతుంది. కోట్ల బీజాలు పంచుకుంటే ఏదీ కంటికి ఆననంత సన్నగా మిగులుతుంది. పూస నెయ్యికీ నున్నటి నెయ్యికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే కొవ్వు అణువులు వేర్వేరు తీరుల్లో సర్దుకోగలవు. వాటిని ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా రూపాలంటారు. హఠాత్తుగా చల్లబడితే ముందు ఆల్ఫా ఏర్పడుతుంది. అది తొందరలో సర్దుకున్న రూపం కాబట్టి నిలకడ లేనిది, తక్కువ వేడికే కరుగుతుంది. సమయం చిక్కితే అణువులు మరింత దగ్గరగా సర్దుకుని నిలకడైన రూపంలోకి మారతాయి. పాల కొవ్వు ఎక్కువగా బీటా ప్రైమ్ దగ్గర కుదురుకుంటుంది. అంటే నెమ్మదిగా చల్లార్చడం వల్ల పూస పెద్దదవడమే కాదు, పట్టు కూడా వస్తుంది.

మన చేతిలో ఉన్న అయిదు పగ్గాలు

ఒకటి, పాలు. గేదె నెయ్యి ఆవు నెయ్యి కంటే పెద్ద పూస కడుతుంది. ఎక్కువ వేడి దగ్గర కరిగే కొవ్వులు గేదె పాలలో ఎక్కువ. ఆవు నెయ్యి పూస చిన్నగా వస్తే అది మీ లోపం కాదు, దాని సహజగుణం.

రెండు, పూర్తిగా కరిగించడం. సగం కరిగిన నెయ్యిలో కంటికి కనిపించని పాత స్ఫటికాలు మిగిలే ఉంటాయి. పైకి తేటగా కనిపించినా అవన్నీ బీజాలుగా పనిచేసి మన లెక్క తప్పిస్తాయి. మళ్లీ మొదటి నుంచి పేరబెట్టాలంటే 65, 70 డిగ్రీల దాకా వేడి చేసి కొన్ని నిమిషాలు ఉంచాలి. అప్పుడే పాత స్ఫటికాల జాడ పోతుంది.

మూడు, చల్లారే వేగం. అయిదింటిలోనూ బలమైనది ఇదే. వేగంగా చల్లారితే సన్న పూస, నిదానంగా చల్లారితే పెద్ద పూస.

నాలుగు, బీజం. పెరుగుకు తోడు వేసినట్టే, చల్లారుతున్న నెయ్యిలో బాగా పూస కట్టిన పాత నెయ్యి కొంచెం వేస్తే ఎన్ని బీజాలతో మొదలవ్వాలో మనమే కొంతవరకు నిర్ణయించినట్టవుతుంది. సరిగా వడకట్టని నెయ్యిలో మిగిలిన పాల పొట్టు కూడా ఇలాగే బీజమై కూర్చుంటుంది. కాకపోతే అది మనం కోరి వేసింది కాదు.

అయిదు, కదలిక. పేరుకుంటున్నప్పుడు కలిపితే పెరుగుతున్న స్ఫటికాలు విరిగి, ప్రతి ముక్కా కొత్త బీజమవుతుంది. పూస సన్నబడుతుంది, అల్లిక తెగుతుంది. జాడీని కదపొద్దని పెద్దవాళ్లు చెప్పే మాటలో ఇంత అర్థం ఉంది.

పద్ధతి: పొయ్యి నుంచి జాడీ దాకా

వెన్నను అడుగు మందంగా ఉన్న గిన్నెలో మధ్యస్థమైన మంట మీద పెట్టండి. వెన్నలో నీరు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. పెద్ద పెద్ద బుడగలు, చిటపట చప్పుడు వస్తాయి. చప్పుడు సద్దుమణిగిందంటే నీరు పోయిందని అర్థం. ఇక్కడి నుంచి వేడి చకచకా ఎక్కుతుంది కాబట్టి మంట తగ్గించి గిన్నె దగ్గరే నిలబడాలి. సన్నని నురుగు పైకి వచ్చి, అడుగున పాల పొట్టు బంగారు రంగుకు తిరిగే దశ 110 నుంచి 120 డిగ్రీల మధ్య వస్తుంది. పొయ్యి కట్టేశాక కూడా గిన్నె వేడికి పొట్టు రంగు ముదురుతూనే ఉంటుంది. అందుకని మీకు కావలసిన రంగుకు ఒక అడుగు ముందే ఆపండి.

మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, నెయ్యి 60, 70 డిగ్రీల మధ్య ఉండగానే పొడి పల్చటి గుడ్డలో వడకట్టండి. జాడీలో ఒక్క చుక్క తడి ఉండకూడదు. గాజు జాడీ అయితే ముందే కాస్త వెచ్చబెట్టండి. చల్లటి గాజుకు తగిలిన చోట నెయ్యి ముందుగా గట్టిపడి గోడకు సన్న పూస పట్టేస్తుంది. జాడీ వెచ్చగా ఉంటే గాజు పగలదు కూడా.

ఇప్పుడు జాడీని గాలి తగలని చోట, మూతి మీద పల్చటి గుడ్డ కప్పి వదిలేయండి. 30, 32 డిగ్రీలకు దిగాక బీజం వేయాలి. వంటింటి థర్మామీటరు ఉంటే మంచిది. లేకపోతే జాడీ బయట అరచేయి ఆనించండి. వెచ్చదనం పూర్తిగా పోయి, చల్లదనం అప్పుడే మొదలవుతున్నట్టు అనిపిస్తే సమయం వచ్చినట్టే. అర లీటరు నెయ్యికి అర చెంచా పూస నెయ్యి చాలు. పొడి చెంచాతో ఒక్కసారి నెమ్మదిగా తిప్పి చేయి తీసేయండి. ఇంకా వేడిగా ఉండగా వేస్తే ఆ బీజం కరిగిపోయి వేసిన ఫలితం దక్కదు.

తర్వాత ఒక పగలూ ఒక రాత్రీ 28, 30 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచాలి. ఈ సమయంలో జాడీ వైపు చూడండి గానీ తాకకండి. మొదట నెయ్యి తేటగా, అవతలి వస్తువు కనిపించేలా ఉంటుంది. కొన్ని గంటలకు లోపల మసక కమ్ముతుంది. ఆ మసకే నెమ్మదిగా చుక్కలుగా విడిపోతుంది. చుక్కలు బరువెక్కి అడుగుకు దిగుతూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పైన బంగారు రంగు ద్రవం తేలుతుంది. మరునాడు ఒక పూసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపండి. ముందు గరుకుగా తగిలి, మరుక్షణం ఒంటి వేడికి కరిగి జారిపోవాలి. ఒంటి వేడికి కూడా కరగకుండా ఇసుకలా మిగిలితే అది పూస కాదు, వడపోతలో జారిపోయిన పొట్టు.

పూస కుదురుకున్నాక జాడీని మామూలు చోట పెట్టుకోవచ్చు. పొయ్యి పక్క అలమర మాత్రం వద్దు. అక్కడ పగలు సగం కరిగి రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఈ ఎక్కుదిగుళ్లలో చిన్న స్ఫటికాలు కరిగిపోయి, వాటి కొవ్వు పెద్దవాటికి చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ పూస ఒక తీరుగా ఉండక గరుకుబారుతుంది.

కాలాన్ని బట్టి మార్పులు

ఒకే పద్ధతి విజయవాడ మే నెలకూ లంబసింగి డిసెంబరుకూ సరిపోదు. ఎండాకాలంలో కోస్తాలో గది వేడే 35 దాటుతుంది. అంత వేడిలో గట్టిపడే కొవ్వు చాలా తక్కువ కాబట్టి నెయ్యి నూనెలా తేటగా నిలబడుతుంది. జాడీని చల్లని గదిలో నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో ఉంచి, నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చండి. రాత్రిపూట కాచి, తెల్లవారుజాము చల్లదనంలో పేరబెట్టడం ఇంకా తేలిక. చలికాలంలో కష్టం తలకిందులవుతుంది. గది చల్లగా ఉండటంతో నెయ్యి గంటల్లోనే బిగుసుకుపోతుంది. అప్పుడు జాడీకి మందపాటి దుప్పటి చుట్టండి, లేదా బియ్యం డబ్బాలో మెడ దాకా పాతిపెట్టండి. చుట్టూ ఉన్న బియ్యం వేడిని త్వరగా పోనివ్వదు.

తేడా వస్తే దిద్దుకోవడం

పూస లేకుండా గట్టిగా గడ్డకడితే వేగంగా చల్లారిందని అర్థం. నీళ్ల గిన్నెలో జాడీ పెట్టి 65, 70 డిగ్రీల దాకా పూర్తిగా కరిగించి, పైన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి దిద్దుకుంటే నష్టం లేదు. అదే పనిగా కాచి చల్లారిస్తే మాత్రం గాలి తగిలి వాసన చెడుతుంది.

పైన ద్రవం, అడుగున పూసగా విడిపోతే కంగారు పడకండి. వెచ్చని గదిలో నెయ్యి తీరే అంత. పైన తేలిన ద్రవంలో తక్కువ వేడికే కరిగే కొవ్వులు ఎక్కువ. ఆవు నెయ్యికి పసుపు రంగునిచ్చే కెరోటిన్ కూడా ఆ ద్రవంలోనే ఎక్కువగా ఉంటుంది. వడ్డించేటప్పుడు పొడి చెంచాతో అడుగు నుంచి తీసి రెండూ కలిసేలా వేయండి. పైది ముందు వాడేసి అడుగుది తర్వాత వాడితే ఇంట్లోవాళ్లు రెండు రకాల నెయ్యి తిన్నట్టవుతుంది.

అడుగున నీటి బుడగలు కనిపిస్తే కాచడం చాలలేదు. పూస సంగతి పక్కన పెట్టి వెంటనే మళ్లీ కాచండి. తడి మిగిలిన నెయ్యి నిల్వ ఉండదు. ముక్క వాసన వచ్చిన నెయ్యిని ఏ చల్లార్పూ బాగుచేయలేదు.

పూస వద్దనుకున్నప్పుడు

రొట్టె మీద రాసుకోవడానికి, కేకుల్లో కలపడానికి నున్నటి నెయ్యే బాగుంటుంది. దీనికి పద్ధతిని తిరగేయాలి. కరిగిన నెయ్యి గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టి, చిక్కబడేదాకా ఆపకుండా కలపండి. లెక్కలేనన్ని బీజాలు పుడతాయి, ఏదీ పెరగలేదు.

ఇంట్లో పెదవుల లేపనం చేసుకునేవారికీ ఈ సూత్రమే పనికొస్తుంది. నువ్వుల నూనెలో తేనెమైనం కరిగించి చేసే సిక్థ తైలం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. అదీ ఓలియోజెల్లే. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాబట్టి రెండింటినీ నీళ్ల గిన్నె మీద 70 దాటించి, తేటగా కలిశాక డబ్బాల్లో పోసి త్వరగా చల్లారనివ్వాలి. సగం పేరుకున్నాక కలిపితే తెగిన అల్లిక మళ్లీ పూర్తిగా కుదరదు, నూనె పైకి ఊరుతుంది.

స్ఫటికాల సంగతి చాక్లెట్‌లోనూ కనిపిస్తుంది. చాక్లెట్ మీద తెల్లని పొర చూసి బూజు పట్టిందని పారేస్తుంటారు. చాలాసార్లు అది బూజు కాదు, వేడికి కరిగి మళ్లీ అడ్డదిడ్డంగా గట్టిపడిన కోకో వెన్న. కోకో వెన్నకు ఆరు స్ఫటిక రూపాలు ఉన్నాయి. నిగనిగ, పుటుక్కున విరిగే గుణం అయిదో రూపానివి. దాన్ని రప్పించడానికే డార్క్ చాక్లెట్‌ను 45, 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి దించి, మళ్లీ 31, 32కి తెస్తారు. గోదావరి జిల్లాల కోకో తోటల పక్కన చాక్లెట్ తయారీ మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా చేతికి తెచ్చుకోవలసిన పని ఇది.

పెద్ద పరిశ్రమ కూడా ఈ దారిలోనే నడుస్తోంది. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదు. వనస్పతిలాంటి గట్టిదనాన్ని, ట్రాన్స్ కొవ్వును పుట్టించే హైడ్రోజనేషన్ లేకుండా తేవాలంటే ద్రవ నూనెను స్ఫటికాల అల్లికలో పట్టి ఉంచడం ఒక మార్గం. మన రైస్ మిల్లుల తవుడు నుంచి వచ్చే మైనం అందుకు బాగా పనికొస్తుంది. నూనెలో అది కొద్ది శాతం ఉంటే చాలు, నూనె జెల్ అవుతుంది.

పూస స్వచ్ఛతకు రుజువు కాదు

ఇది ప్రతి కొనుగోలుదారుకూ తెలియాలి. పూస ఉంటే అసలు నెయ్యి, లేకపోతే కల్తీ అనే నమ్మకం తప్పు. నిదానంగా చల్లారిస్తే వనస్పతి కూడా పూస కడుతుంది. వేగంగా చల్లారిస్తే మేలిరకం గేదె నెయ్యి కూడా నున్నగా పేరుకుంటుంది. పూస చెప్పేది చల్లార్చిన తీరు గురించే. కల్తీ సంగతి తేల్చేది ప్రయోగశాల పరీక్ష. నెయ్యి అమ్ముకునేవారు పూసను చక్కటి పనితనంగా చూపించండి, స్వచ్ఛతకు హామీగా చూపించకండి.

ఈ వారం చేసి చూడండి

చదివింది చేతికి రావాలంటే రెండు రోజులు చాలు. ఒకే గిన్నెలో కాచిన నెయ్యిని మూడు చిన్న గాజు సీసాల్లో సమంగా పోయండి. ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండోది వంటింటి గట్టు మీద వదిలేయండి. మూడోదానికి సరైన వేడిలో బీజం వేసి, బియ్యం డబ్బాలో పాతిపెట్టండి. సీసాల మీద తేదీ, కాచిన సమయం, గది వేడి రాసిన చీటీ అంటించండి. రెండో రోజు మూడింటినీ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి, వేళ్లతో నలపండి, వేడి అన్నంలో వేసుకుని తినండి. ఏ సీసా మీకు నచ్చిందో దాని చీటీని దాచుకోండి. వచ్చేసారి వెన్న కాచే ముందు ఆ చీటీ తీసి చదవండి, నెయ్యి దించాక చల్లారడానికి కూడా కాచినంత శ్రద్ధగా సమయం కేటాయించండి.